కోళ్ల జాలీతోని బొమ్మను పట్టినప్పటి ముచ్చట

ఇంకో రెండు మొద్దులు ఎగదొయ్యి బిడ్డా, నెగడు సన్నబడ్డది. ఆ, ఇప్పుడు ఇను.

చంద్రయాన్ దిగిన నాడు మీ కాలేజీ పిల్లలంత టీవీ ముంగట నిలబడి చప్పట్లు కొట్టిన్రంటివి గదా. నాకూ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. గని అసుంటి పండుగ ఈ ఊరు అంతకంటె చానా ముందే చూసింది. ఆ సంగతి మీ తరానికి ఎవ్వరూ చెప్పలే.

1975ల నేను ఈ బడిల కొత్తగ చేరిన సారును. పెండ్లి గూడ కాలే. వానకాలం మొదలైనంక ఒకనాడు బడి ముంగట జీపు ఆగింది. ఇద్దరు పోరగాండ్లు దిగిన్రు, ఇంచుమించు నా వయసోళ్లే. ఒక పెద్ద డబ్బ, కొన్ని కడ్డీలు, చుట్ట చుట్టిన తీగల జాలీ దింపిన్రు. కోళ్లగూళ్లకు కొడ్తరే, గా జాలీయే. కడ్డీలు బిగిచ్చి, వాటికి జాలీ పరిచి, పది ఫీట్ల వెడల్పుతోని గొడుగు తీరు ఒకటి నిలబెట్టిన్రు. దాన్ని పడమటి దిక్కుకు, జర దక్షిణానికి వంచి, ఆకాశం దిక్కు చూస్తున్నట్టు బిగిచ్చిన్రు. ఊరోళ్లు చుట్టూ జమైన్రు. జాలీతోని బొమ్మను ఎట్ల పడ్తరని ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు.

జీపుల వచ్చినోళ్లల్ల ఒక పిలగాడు నాకు మట్టిల పుల్లతోని గీసి చూపెట్టిండు. ఆఫ్రికా మీద, దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున, అమెరికావాళ్ల ఉపగ్రహం ఉన్నది. పేరు ఏటీఎస్-6. భూమితోనిపాటే తిరుగుతది గనుక మనకు ఒక్కతాననే ఆగినట్టు ఉంటది. అహ్మదాబాద్ నుంచి పంపిన బొమ్మ దాని దాకా పోయి మళ్లీ మన మీద పడ్తది. మరి జాలీల అన్ని సందులున్నయి గదా, అందులకెళ్లి జారిపోదా అని అడిగిన. ఆ తరంగం పొడుగు జానెడున్నర ఉంటది సార్, జాలీ కన్నం వేలెడంత, తరంగానికి అది నిండు రేకే అన్నడు. డిగ్రీల నేను ఫిజిక్సు చదివిన గని, చదువు అట్ల మట్టిల గీసి చేతికిచ్చినోడు అంతకుముందు ఒక్కడు లేడు.

ఈ పనంతటి పేరు సైట్. ఆరు రాష్ట్రాలల్ల 2,400 ఊర్లు. మన దిక్కు పాలమూరు, మెదక్, కర్నూలు జిల్లాల ఊర్లు దాంట్ల ఉన్నయి. ఉపగ్రహం మనది గాదు, ఏడాదికి అడిగి తెచ్చుకున్నది. 1969ల విక్రమ్ సారాభాయ్ అమెరికావాళ్లతోని ఒప్పందం చేసిండు. పాపం, ఆయన 1971లనే పోయిండు, తను కోరింది కండ్లారా చూసుకోలే. గని కింద ఉన్నదంత మనదే. జాలీ గొడుగు అహ్మదాబాద్ల మనోళ్లు ఆలోచన చేసిందే. ఆ టీవీ డబ్బలు తయారైంది ఎక్కడనుకుంటున్నవు? మీ అత్తోళ్ల ఇంటికి పోతుంటె దారిల తగిలే కుషాయిగూడ దిక్కు, ఈసీఐఎల్‌ల. ఢిల్లీల గాదు, బొంబాయిల గాదు. డబ్బ మీద హైదరాబాద్ పేరు చూసి మా సర్పంచి దాన్ని రెండు చేతులతోని తడిమిండు.

ఆ కంపెనీని 1967ల నిలబెట్టిందెవరంటె అయ్యగారి సాంబశివరావు. పశ్చిమ గోదావరిల మోగల్లు ఊరాయన. అమెరికాల స్టాన్‌ఫర్డ్‌ల చదివి, వచ్చి అణు శాస్త్రవేత్త హోమీ భాభా కాడ పనిచేసిండు. బయటనుంచి తెచ్చుకుంటె మనం ఎప్పుడూ చెయ్యి చాపుకుంటనే ఉంటం, అణు రియాక్టర్ల మీటర్లు గూడ మనమే చేసుకోవాలె అన్న పట్టుదల మనిషి. ఏఎస్ రావు నగర్ అని బస్సు మీద రాసి ఉంటది చూడు, ఆ రావు ఈయననే. మీరు ఆ పేరు మీద ఫ్లాట్ల ధరలే మాట్లాడ్తరు. నాకు మనసు కష్టమైతది.

సరే. ఆగస్టు 1న మొదలైంది. పొద్దుగాల బడి పిల్లలకు, రాత్రి ఊరందరికీ. డబ్బ తాళం నా దగ్గరనే. రాత్రి అయ్యేసరికి చాపలు, గోనెసంచులు తెచ్చుకుని బడి ముంగట కూసునేటోళ్లు. ముసలోళ్లు ముందు, ఆడోళ్లు ఒక దిక్కు, పోరగాండ్లు గోడల మీద. బొమ్మ ఒక్కటే, మాట రెండు భాషలల్ల వచ్చేది, డబ్బల మనది ఎంచుకునుడే. పశువుల రోగాలు, ఎరువులు, బాలింతల తిండి, బుర్రకథ. హిందీల వార్తలు గూడ వచ్చేటివి. అది ఎమర్జెన్సీ కాలం, వార్తలల్ల సర్కారు మాట తప్ప వేరే లేదు, అది గూడ చెప్పాలె. గని వరిల తెగులును టీవీల దగ్గరగ చూపెట్టిన రాత్రి, తెల్లారి మా రైతులు మడిల దిగి ఆకులు తిరగేసి చూసిన్రు. చదువు రానోడికి గూడ ఆ బొమ్మ అర్థమైంది. దానికంటె పెద్ద సంగతి నా నౌకరిల నేను చూడలే.

ఏడాది తిరిగింది. 1976 జూలై 31తోని ఆగిపోయింది. అమెరికావాళ్లు ఉపగ్రహాన్ని మళ్లీ వాళ్ల దిక్కు జరుపుకున్నరు. అది ఒప్పందమే, వాళ్ల తప్పు లేదు. మరి మన ఉపగ్రహమో? ఇన్‌శాట్ మొదటిది 1982ల పోయి, కొన్ని నెలలకే పాడైంది. రెండోది 1983ల నిలిచింది. ఇటు హైదరాబాద్ల 1977ల దూరదర్శన్ వచ్చింది గని దాని బొమ్మ మన ఊరిదాక అందలే. అంటె ఏడేండ్లు మా డబ్బకు చూపెట్టేదేమీ లేదు. రెండేండ్లు నేను బట్టతోని తుడిచిన. మూడో ఏడు నాకు బదిలీ అయింది. తిరిగొచ్చేసరికి డబ్బల వైర్లు ఎలుకలు కొరికినయి, జాలీ ఎవరో కోళ్లకు కొట్టుకున్నరు. కోపమొచ్చింది గని ఎవరిమీదని కోప్పడ్త? ఊరోడికి ఏడేండ్లు ఆగుమని చెప్పినోడెవడు?

నేను ఎప్పటికీ అనే మాట ఇదే బిడ్డా. మనోళ్లకు తెలివి తక్కువై గాదు. చేసేటోళ్లు మస్తుగ చేసిన్రు. చేసినదాన్ని కష్టకాలంల పట్టుకుని నిలబడేటోళ్లు తక్కువైన్రు. ఆ ఈసీఐఎల్ చేసిన ఈసీ టీవీ అని ఇండ్లల్ల ఉండేది, మీ నానమ్మ పుట్టింట్ల గూడ ఉండె. 1982 ఏషియాడ్‌తోని రంగుల టీవీలు దిగినయి, బయటి దేశాల సామాను తెచ్చి ఇక్కడ బిగిచ్చేటోళ్లు తయారైన్రు, ఈసీ టీవీ వెనుకబడ్డది. 1969లనే ఆ కంపెనీ టీడీసీ-12 అని కంప్యూటర్ చేసింది. 1969! మీ సాఫ్ట్‌వేర్ పిల్లలల్ల ఎంతమందికి ఎరుక?

ఒక్కటి మాత్రం నిలిచింది. ఓటు మిషను. 1977ల ఎన్నికల కమిషన్ అడిగితె ఈ ఈసీఐఎలోళ్లే నమూనా చేసిన్రు. 1982ల కేరళల పరవూరు కాడ 50 పోలింగ్ బూతులల్ల పెట్టి చూసిన్రు. గెలుపోటముల మీద కేసైంది. మిషనుతోని ఓటేయొచ్చని చట్టంల లేదన్నది 1984ల సుప్రీంకోర్టు. ఆ బూతులల్ల మళ్లీ కాగితాలతోని ఓట్లు పెడితె, ముందు గెలిచినాయన ఓడిపోయిండు. వేరేదైతే అక్కడనే మూలకు పడేది. కమిషన్ ఇడిచిపెట్టలే. 1988ల చట్టం మార్పిచ్చిన్రు, ఈసీఐఎల్‌తోనిపాటు బెంగుళూరు కంపెనీ బెల్‌తోని గూడ చేపిచ్చిన్రు, 1998ల కొన్ని సీట్లల్ల మళ్లీ పెట్టిన్రు. 2004ల దేశంల 543 సీట్లల్ల అదే.

ఆ ఏడు నేను ప్రిసైడింగ్ ఆఫీసరును. అంతకుముందు చేసిన డ్యూటీలన్ని కాగితాలు మడిచి, లక్క కరిగిచ్చి సీలేసినయే. ఈసారి సంచిలకెళ్లి మిషను తీసి తిప్పి చూసిన. ఈసీఐఎల్, హైదరాబాద్ అని ఉన్నది. ఏజెంట్లను కూసోబెట్టి ముందు ఉత్తుత్తి ఓట్లు ఏపిచ్చిన, లెక్క చూపెట్టిన, తుడిపేసిన, సీలేసిన. మొదట్లనే ఒక అవ్వ వచ్చింది. సైటు టీవీ ముంగట చాప మీద పిల్లను పండబెట్టుకుని కూసునేది ఆమె, నేను గుర్తుపట్టిన. గుండీ ఒత్తింది. బీప్ అని మోగింది. అట్టల సందులకెళ్లి తొంగిచూసి, "సారూ, నా ఓటు పడ్డదా?" అన్నది. పడ్డదవ్వా, ఆ చప్పుడు దానిదే అన్న. "ఇది ఎవరు చేసిన్రు?" అన్నది. మన హైదరాబాదోళ్లే, అప్పటి టీవీ చేసినోళ్లే అన్న. "అట్లనా, అయితే మంచిదే ఉంటది" అనుకుంట పోయింది. ఎనుక నిలబడ్డామె అప్పటికే చీటీ చేతికిస్తున్నది. మాపటిదాక లైను తెగలే.