ఆడపిల్లల అరలో యుద్ధ టాంకు

జపాన్‌లో పాత పుస్తకాల దుకాణానికి వెళితే బొమ్మల కథలు మగపిల్లలవి ఒక వైపు, ఆడపిల్లలవి ఒక వైపు సర్ది ఉంటాయి. ఏ కథ ఎటు వెళ్లాలన్నది అది మొదట ఏ పత్రికలో సీరియల్‌గా వచ్చిందో దాన్నిబట్టి ఉంటుంది. టోక్యోలో మా ఇంటి దగ్గరి దుకాణంలో, ఆడపిల్లల అరలో, ఒక పుస్తకం తిరగేస్తూ అక్కడే నిలబడిపోయాను. మిలిటరీ కోటులో ఒక జర్మన్ మేజరు, ఉంగరాల జుట్టు భుజాల మీద పడే ఒక ఇంగ్లిష్ దొర, లెపర్డ్ టాంకు, నేటో, కేజీబీ. ఆడపిల్ల జాడ ఎక్కడా లేదు. ఇది ఆడపిల్లల కథేనా అని అడిగితే, కౌంటర్లో ఉన్న పెద్దావిడ మొహం వెలిగిపోయింది. "మా కథేనండీ. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు మొదలైంది" అన్నారు.

'ఎరోయికా యోరి ఆయి ఓ కొమెతే', అంటే 'ఎరోయికా నుంచి ప్రేమతో', ఆ కథ పేరు. గీసినావిడ అయోయికె యాసుకో. 1948లో షిమొనొసెకిలో పుట్టి, 15 ఏళ్లకే తొలి కథ అచ్చులో చూసుకున్న మనిషి. అకితా షోతెన్ వాళ్లు ఆడపిల్లల కోసం నడిపే 'ప్రిన్సెస్' పత్రికల్లో 1976లో ఈ కథ మొదలుపెట్టారు. ఆగుతూ సాగుతూ 39 సంపుటాల దాకా వచ్చింది. ఇంగ్లిష్ దొర డోరియన్, పైకి ఎర్ల్ బిరుదున్న కులీనుడు, లోపల ఎరోయికా అన్న మారుపేరుతో చిత్రపటాలు కొట్టేసే గజదొంగ. అందమైనదేది కనిపించినా అతనికి కావాలి. జర్మన్ మేజరు క్లౌస్ నేటో గూఢచారి. అతని కింద 26 మంది. వాళ్లకు పేర్లు ఉండవు, ఎ నుంచి జడ్ దాకా అక్షరాలే. పని చెడగొట్టినవాణ్ణి అలాస్కాకు పంపించేస్తానని గర్జిస్తుంటాడు. దొరవారు ఈ మేజరును ప్రేమించారు. మేజరుకు దొంగలంటే మంట, ఈ దొంగంటే మరీ మంట. ఒకే ఫైలు కోసమో ఒకే పటం కోసమో ఇద్దరూ యూరప్ అంతా ఒకరి వెంట ఒకరు పరిగెత్తుతారు. దశాబ్దాలు గడిచినా ఆ ప్రేమ గట్టెక్కదు. పాఠకులూ వదలరు.

ఈ కథ ఇలా మొదలవలేదు. తొలి కథలో ముఖ్యులు ముగ్గురు కుర్రవయసువాళ్లు, అందులో ఒక అమ్మాయి కూడా ఉంది. తర్వాతి కథలో మేజరు అడుగుపెట్టాడు. అంతే, ఆ ముగ్గురూ మెల్లిగా పక్కకు తప్పుకుని, కొన్నాళ్లకు కథలోంచే మాయమైపోయారు. అమ్మాయి వెళ్లిపోయాకే ఆడపిల్లలు ఈ కథను నెత్తిన పెట్టుకున్నారు. నన్ను పట్టుకుని వదలని సంగతి ఇదే.

కాస్త వెనక్కి వెళ్లాలి. యుద్ధం తర్వాత ఆడపిల్లల బొమ్మల కథల్లో సాహసానికి దారి వేసినవాడు తెజుకా ఒసాము. 1953లో మొదలుపెట్టిన 'రిబ్బన్ నో కిషి'లో సఫాయర్ అనే రాకుమారి మగవేషం వేసుకుని కత్తి తిప్పుతుంది. తెజుకా పెరిగింది తకరజుకా ఊళ్లో. మగపాత్రలన్నీ ఆడవాళ్లే వేసే ప్రసిద్ధ నాటక సంస్థ 1914 నుంచీ అక్కడిదే. సఫాయర్‌కు చివరికి పెళ్లవుతుంది. 1972లో ఇకెదా రియోకో 'వెర్సాయ్ గులాబీ' మొదలుపెట్టారు. అందులో ఆస్కార్ అనే వీరవనిత ఫ్రాన్స్ రాజుగారి సేనలో అధికారి. ఆమె బాస్తీ కోట దగ్గర గుండు తగిలి చనిపోతుంది. కత్తి పట్టిన ఆడపిల్లకు కథలో ఈ రెండే దారులు మిగిలాయి, పెళ్లి లేదా చావు. పత్రికల సంపాదకులు దాదాపు అందరూ మగవాళ్లే.

ఆ రోజుల్లోనే టోక్యో శివారు ఓయిజుమిలో, స్నానాల గది కూడా లేని ఒక చిన్న అద్దె ఇంట్లో, ఇద్దరు ఇరవై ఏళ్ల అమ్మాయిలు కలిసి కాపురం పెట్టారు. తకెమియా కెయికో, హగియో మోతో. గీసేవాళ్లు, గీయాలనుకునేవాళ్లు వచ్చి అక్కడి చాపల మీదే పడుకునేవాళ్లు. వీళ్ల తరం సుమారు 1949 ప్రాంతంలో పుట్టింది. పెళ్లీ చావూ కాని మూడో దారిని వాళ్లు కనిపెట్టారు. ఆడపిల్లను అసలు కథలో పెట్టకపోవడం! ఇద్దరు అబ్బాయిల మధ్య ప్రేమ రాస్తే ఎవరు ఎవరికి వంట చేయాలన్న ప్రశ్న రాదు, మెట్టినిల్లు రాదు. తకెమియా మనసులో ఫ్రెంచ్ బడిపిల్లల ప్రేమకథ ఒకటి ఏళ్ల తరబడి ఉండిపోయింది. వేయడానికి సంపాదకులు జంకారు. ముందు ఈజిప్టు నేపథ్యంలో ఒక సీరియల్ గీసి, పాఠకుల మెప్పు పొంది, ఆ బలంతో 'గాలి, చెట్ల పాట'ను అచ్చుకు పట్టుకెళ్లారు. అది కూడా 1976లోనే. హగియో 'థామస్ హృదయం' అంతకు రెండేళ్ల ముందే వచ్చింది. ఆ కథల్లో కన్నీళ్లు, పాపభయం, మరణం. అయోయికె అదే ప్రేమకు టాంకు ఇచ్చారు, విమానం ఇచ్చారు, నవ్వు ఇచ్చారు.

మన అద్దె పుస్తకాల షాపు తలుచుకోండి. ఒక వరసలో మధుబాబు షాడో, కొమ్మూరి యుగంధర్. ఇంకో వరసలో యద్దనపూడి, మాదిరెడ్డి, కోడూరి కౌసల్యాదేవి. అన్నయ్య షాడోను లెక్కల పుస్తకంలో దాచుకునేవాడు. అమ్మ వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసి పెట్టుకునేది. మధ్యాహ్నం అంట్లు తోముకున్నాక, వంటింటి గడప మీద కూర్చుని, అదివరకే నాలుగుసార్లు చదివిన పేజీ మళ్లీ చదివేది. నేను రెండు వరసలూ చదివేదాన్ని. షాడో వెంట దేశాలు తిరిగేటప్పుడు నేను ఎవరినో నాకు తెలిసేది కాదు. యద్దనపూడి 'సెక్రటరీ'లో జయంతి వెంట ఆఫీసుకు వెళ్లేటప్పుడు తెలిసేది, కానీ ఆ దారి చివర హీరో రాజశేఖరం నిలబడి ఉండేవాడు. ఆ నవలలు మన ఆడవాళ్లకు చేసిన మేలు చిన్నది కాదు, నేను దాన్ని తగ్గించను. కానీ ఆ రెండు వరసలనూ కలిపి ఒకే పుస్తకం రాసినవాళ్లు మనకు దొరకలేదు. అమ్మకు విమానాలెక్కే కథలు నచ్చేవేమోనని ఇక్కడికొచ్చాకే తోచింది. అడగడానికి ఇప్పుడు ఆవిడ లేదు.

1976 నాటి జపాన్ అమ్మాయి సంగతి చూడండి. ఇక్కడ మామూలు జనం సరదాకి విదేశం వెళ్లడానికి అనుమతి దొరికిందే 1964లో. యూరప్ అంటే ఆకాశంలో చుక్క. చాలా కంపెనీల్లో పెళ్లి కుదిరిందంటే ఉద్యోగం మానేయాల్సిందే. పెళ్లి పేరుతో ఉద్యోగంలోంచి తీసేయడం చెల్లదని ఒక సిమెంటు కంపెనీ ఉద్యోగిని వేసిన కేసులో టోక్యో కోర్టు 1966లోనే చెప్పినా, ఆచారం ఆగలేదు. ఉద్యోగాల్లో సమానావకాశాల చట్టం అమల్లోకి వచ్చింది 1986లో. అప్పటిదాకా పదేళ్లపాటు, ఆఫీసులో టీలు పోసి ఇంటికొచ్చిన అమ్మాయి ఈ మేజరుతో పాటు రోమ్‌కు, లండన్‌కు పనిమీద వెళ్లింది. ఆ మేజరుకు పని తప్ప వేరే ధ్యాస లేదు. పనే జీవితంగా బతికే హక్కు అప్పట్లో మగవాడిది మాత్రమే. ఆ పాత్ర మీద వాళ్లకున్న మోజులో అందం ఒక్కటే ఉందని నేననుకోను.

1980ల చివర్లో కథ ఆగింది. బెర్లిన్ గోడ పడింది, సోవియట్ యూనియన్ పోయింది, మేజరుకు శత్రువే లేకుండా పోయాడు. 1995లో అయోయికె మళ్లీ మొదలుపెట్టారు. పాత కేజీబీ మనుషులు కొత్త రష్యాలో ఏం చేస్తుంటారన్నది కథకు కొత్త ఊపిరి అయింది.

ఈ ముచ్చటలో నాకు ఇబ్బంది కలిగించేది కూడా ఉంది. మేజరు నోట దొరవారి మీద వచ్చే తిట్లు ఇవాళ చదివితే గుచ్చుకుంటాయి. 1992లో ఒక స్వలింగ ప్రేమికుడు ఒక చిన్న పత్రికలో ఈ తరహా కథలన్నిటినీ నిలదీశాడు. మా బతుకులు మీకు బొమ్మలాటగా ఉన్నాయా అన్నది అతని కోపం. దాని మీద ఏళ్లపాటు వాదాలు నడిచాయి. అతని మాటలో న్యాయం ఉంది. మగవాళ్లిద్దరి ప్రేమను ఆడపిల్లల పత్రికలు 1970లలోనే ఇంటింటికీ చేర్చిన దేశంలో, అలాంటి జంటకు టోక్యోలోని షిబుయా వార్డు ఒక ధ్రువపత్రం ఇవ్వడానికి 2015 దాకా పట్టింది. పెళ్లి హక్కు దేశం మొత్తానికీ ఇంకా రాలేదు. ఆడపిల్లల స్వేచ్ఛ కోసం అరువు తెచ్చుకున్న ఆ మగవాళ్లకు, అసలైనవాళ్లకు, తిరిగి దక్కింది తక్కువే.

అయినా ఈ కథను చదవమనే చెబుతాను. ఇంగ్లిష్‌లో కొన్ని సంపుటాలు వచ్చి ఆ ప్రచురణ మధ్యలోనే ఆగిపోయింది, పాత ప్రతులు వెతికితే దొరుకుతాయి. మొదటి కథ చప్పగా అనిపిస్తే వదిలేసి, మేజరు వచ్చే దగ్గర అందుకోండి. అమ్మాయిలున్న ఇళ్లలో అయితే వాళ్లకే ముందు ఇవ్వండి.