రొప్పము – బందెలదొడ్డి

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతములు పడమటి కనుమల వర్షచ్ఛాయలో నున్నవి. పూర్వపు అనంతపురం జిల్లాలో ఏటి సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. ఇంత స్వల్పవర్షమునకు మొలచిన గడ్డి ఒకచోట ఎక్కువకాలము నిలువదు, మంద కదలుచుండవలసినదే. అందుచే ఇచ్చటి రైతు బీడుకు గాక పశువుల చుట్టు, రాత్రివేళ, కంచె కట్టెను.

ఈ పద్ధతి అతిప్రాచీనము. కల్యాణదుర్గం ప్రాంతమున పాలవాయిలో నవీనశిలాయుగపు బూడిదదిబ్బ కలదు. ఇట్టి దిబ్బలు ఎట్లేర్పడినవి? 1957లో నాటి మహబూబునగరం జిల్లా ఉట్నూరు దిబ్బను త్రవ్విన ఆల్చిన్ అను పురాతత్త్వవేత్తకు, గుంజలు పాతిన గుంతలు, పశువుల గిట్టల ముద్రలు కనబడెను. దొడ్డిలో పేరుకొనిన పేడ పలుమారు కాలి దిబ్బయైనది. అనగా నాలుగువేల యేండ్ల క్రిందటనే ఇచ్చట దొడ్డి కలదు.

పగలు ఆవులు, గొఱ్ఱెలు, మేకలు ఒకే బీడులో మేయగలవు; ఏలయన వాని మేత వేరు. ఆవు పొడవైన గడ్డిని నాలుకతో చుట్టి త్రెంచును. గొఱ్ఱె పొట్టిగడ్డిని మొదలంట కొఱుకును. మేక పొదల ఆకును, తుమ్మకాయను కోరును. ఆవుల కడుపులోని పురుగులలో పెక్కు గొఱ్ఱెలకు సోకవు. గొఱ్ఱెకు మేకకు మాత్రము అవి ఉమ్మడి.

రాత్రి యీ పొత్తు చెల్లదు. పశువుల త్రొక్కిడికి గొఱ్ఱెపిల్లలు చచ్చును. తోడేలు భయము వేరే. కావున గొఱ్ఱెలకు, మేకలకు ముళ్లకంపతో రొప్పము కట్టుదురు. కోత ముగిసిన చేలలో మంద నిలిపిన కాపరికి రైతు గింజలిచ్చును. చేనికి ఎరువు దక్కును.

చేను, మంద వేర్వేరు చేతులలో నున్నప్పుడు తగవు తప్పదు. పైరులో పడిన పశువును బందెలదొడ్డికి తోలు అధికారమును 1871 నాటి పశువుల చట్టము సాగుదారునకిచ్చెను. అందు ‘పశువు’ అనగా గొఱ్ఱె, మేక మొదలు ఏనుగు, ఒంటెల వరకు చేరును. చేనికి కంచె ఉండవలెనను నిబంధన లేదు. జరిమానా, మేతఖర్చు చెల్లించనిదే పశువు రాదు. గడువు మీరిన వేలము. పిమ్మట 1876–78 క్షామమున ఈ సీమలో మేత కరవై పశువులు అసంఖ్యాకముగా నశించెను. 1882లో అనంతపురం జిల్లా ఏర్పడెను. ఆ యేడే వచ్చిన మద్రాసు అటవీచట్టము రిజర్వు అడవులలో మేతను కట్టడి చేసెను.

మందను కాచుటకు పుట్టిన దొడ్డి, ఈ విధముగా మందను బంధించుటకును వచ్చినది. బీడు కుదించుకొనిపోగా, కంచె లేని చేనికిని కాపలా భారము కాపరిపైననే పడినది.