చెవులపిల్లి పిల్లి కాదు, ఎలుకా కాదు

శేషాచలం కొండల పొదలలో తిరిగే అడవి కుందేలునే చెవులపిల్లి అని కూడ అందురు. దాని మెడ వెనుక నల్లని మచ్చ ఉండును. అందుచేతనే 1823లో ఫ్రెడరిక్ కువియే దానికి ‘నల్లమెడ కుందేలు’ అను అర్థము వచ్చునట్లు లీపస్ నైగ్రికోలిస్ అని పేరు పెట్టినాడు.

అంతకు పూర్వము, 1758లో, లిన్నేయస్ కుందేళ్ళను ఎలుకలతో, ఉడుతలతో కలిపి ఒకే క్రమములో చేర్చినాడు. ఉలివంటి ముందుపళ్ళు అన్నిటికీ ఉన్నవి గదా! కాని కుందేలు పైదవడలో పెద్దపళ్ళ జత వెనుక మరొక చిన్న జత కలదు. ఎలుకకు అది లేదు. 1811లో ఇలిగర్ దీనినిబట్టి కుందేళ్ళను వేరు కుటుంబము చేసినాడు. వీటిది వేరు క్రమమే యని 1912లో గిడ్లీ వాదించినాడు. హిమాలయాలలోని పొట్టిచెవుల పైకా కూడ ఈ క్రమములోనిదే.

నేటి జన్యు పరిశోధనలు కుందేళ్ళు, ఎలుకలు దాయాదులని చూపినవి. దాయాదులైనను ఇల్లు వేరు. కుందేలు పుర్రె దొరికినచో విద్యార్థులు ఆ వెనుకపళ్ళను స్వయముగా చూడవలెను.