అంకె చూశాక ఏం చేయాలి? మధుమేహ యాప్‌ల రూపకల్పనపై ఒక పరిశీలన

భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన ‘ఇండియాబ్’ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని ఆ సర్వే అంచనా కట్టింది. ఇంతమందికి డాక్టరు దగ్గర తీరిగ్గా మాట్లాడే సమయం దొరకదు. ఒకసారి చూపించుకున్నాక మళ్లీ వెళ్లేదాకా రోగికి ఆసరాగా మొబైల్ యాప్ ఉండగలదన్న ఆశ అందుకే పుట్టింది. ఆ ఆశ న్యాయమైనదే. కానీ చాలా యాప్‌లు రోగిని పద్దులు రాసే గుమాస్తాను చేసి వదిలేస్తున్నాయి. అంకె అడిగిన యాప్, ఆ అంకెతో ఆ పూట ఏం చేయాలో చెప్పకపోతే వాడకంలో నిలవదన్నది ఈ వ్యాసం వాదన.

వినియోగదారు కేంద్రిత రూపకల్పనకు మూలసూత్రాలను 1985లోనే జాన్ గౌల్డ్, క్లేటన్ లూయిస్ చెప్పారు: వాడేవారినీ వారి పనినీ మొదటే గమనించాలి, నమూనాను వారిచేత వాడించి కొలవాలి, దిద్ది మళ్లీ వాడించాలి. మధుమేహ రంగంలో ఈ సూత్రాలకు ప్రాణం పోసినవారు ఎక్కువగా రోగులూ వారి ఇంటివాళ్లే. వియన్నాలో ‘మైషుగర్’ యాప్‌ను మొదలుపెట్టినవారిలో టైప్ 1 మధుమేహం ఉన్నవారున్నారు. వ్యాధిని లొంగదీయాల్సిన ఒక చిన్న రాక్షసుడిగా తెరమీద చూపించారు. 2013లో అమెరికాలో జాన్ కాస్టిక్ అనే తండ్రి, తన చిన్నారి కొడుకు ఒంటిమీది సెన్సర్ కొలిచే గ్లూకోజు అంకెలను దూరం నుంచి చూసుకునేలా సొంతంగా కోడ్ రాసుకున్నాడు. ‘నైట్‌స్కౌట్’కు బీజం అదే. ఒంటికి సెన్సర్ ఉన్నది పిల్లాడికి, అంకెల కోసం తపించింది తండ్రి. ‘వినియోగదారుడు’ అంటే ఒక్క మనిషే అనుకునే రూపకర్తలు ఈ ఉదాహరణను మళ్లీ మళ్లీ చదవాలి.

వినియోగదారుడు ఒక్కరే కాదన్నది మన దగ్గర మరింత నిజం. ఇక్కడ ఎక్కువమందిది టైప్ 2, ఎక్కువమంది మాత్రల మీదే ఉన్నారు. స్మార్ట్‌ఫోన్ కొడుకు చేతిలోనో కోడలి చేతిలోనో ఉండే ఇళ్లు చాలా ఉన్నాయి. ఒక సందర్భం ఊహించండి. మధ్యాహ్నం తిన్న రెండు గంటలకు మీటరులో 212 వచ్చింది. యాప్ తెరిస్తే తేదీ, సమయం, తిన్నది, పిండిపదార్థం ఎన్ని గ్రాములు, మందు, నడక... ఇలా ఆరు గళ్లు నింపమంటుంది. అన్నీ నింపాక గ్రాఫ్ మీద ఒక చుక్క పడుతుంది. పరగడుపు అంకె ఎంతో, నిన్న ఇదే వేళకు ఎంతో పక్కన పెట్టి, ‘సాయంత్రం కాసేపు నడవండి, రాత్రికి అన్నం కొంచెం తగ్గించండి’ అని చెబితే ఆ నమోదుకు ఫలం దక్కేది. పైగా స్ట్రిప్ స్ట్రిప్‌కూ డబ్బు పెట్టాలి. రోజుకు మూడుసార్లు పరీక్ష గుర్తుచేసే యాప్ ఆ ఖర్చును లెక్కలోకి తీసుకోవడం లేదు.

తిండి నమోదు మరీ కష్టం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికలు 528 పదార్థాల వివరాలిస్తాయి. అమూల్యమైన కృషి అది. అయితే ఆ లెక్కలన్నీ వంద గ్రాముల చొప్పున ఉంటాయి, కంచంలో వడ్డన గరిటెల్లో, ముద్దల్లో సాగుతుంది. రాయలసీమలో ఒక రాగి సంగటి ముద్ద ఇంటింటికీ ఒక సైజు. గ్రాములు టైపు చేయించే బదులు మూడు సైజుల ముద్దల ఫొటోలు చూపి ఒకటి తాకమంటే చాలు. మిగతా లెక్క యాప్ చూసుకోవాలి.

వ్యాధి చూపునూ స్పర్శనూ కూడా మారుస్తుందన్న సంగతి ప్రయోగశాలలో మరుగున పడుతుంది. రెటీనా దెబ్బతిన్న కంటికి తెల్లటి తెర మీద లేత బూడిదరంగు అక్షరాలు ఆనవు. నరాల స్పర్శ తగ్గిన వేలికి సన్నటి స్లైడరు లొంగదు. తెలుగు లిపికి ఇంకో ఇబ్బంది: ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకు కొలిచిన బటన్లలో మన వత్తులు అడుగున తెగిపోతాయి. పాతికేళ్ల ఉద్యోగులతో పరీక్షిస్తే ఇవేవీ బయటపడవు.

అన్నిటికన్నా కీలకం షుగర్ పడిపోయిన క్షణం. డెసిలీటరు రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, ఆలోచన తడబడుతుంది. అప్పుడు తెర మీద ఒక్క మాటే ఉండాలి: ‘వెంటనే మూడు చెంచాల చక్కెర తీసుకోండి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించండి.’ దాని కింద ఇంటివాళ్లకు ఫోన్ కలిపే పెద్ద బటన్. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలన్న సూచన ఆ ఇంటివాళ్లకు ముందే చేరి ఉండాలి.

రోగి మీద భారం వేయకుండా మేలు చేయవచ్చనడానికి గట్టి ఆధారం చెన్నైలోని అంబాడి రామచంద్రన్ బృందం 2013లో ప్రచురించిన పరిశోధన. మధుమేహం అంచున ఉన్న 537 మంది పురుషుల్లో ఒక వర్గానికి వారి మానసిక సంసిద్ధతను బట్టి ఎస్ఎంఎస్‌లు పంపారు. రెండేళ్లలో ఆ వర్గంలో 18 శాతం మందికి మధుమేహం వచ్చింది. ఎస్ఎంఎస్‌లు అందని వర్గంలో 27 శాతం మందికి వచ్చింది. అది నివారణకు సంబంధించిన ప్రయోగం, అందరూ పురుషులే. కాబట్టి ఫలితాన్ని యథాతథంగా చికిత్సకు అన్వయించలేం. అయినా సరైన వేళ సరైన మాట చేరడంలోని బలాన్ని అది చూపింది.

ఇక మూల్యాంకనం. జాన్ బ్రూక్ రూపొందించిన పది ప్రశ్నల వాడుక సౌలభ్య కొలమానం బాగా ప్రచారంలో ఉంది. అయితే దాన్ని సాధారణంగా చివరిదాకా నిలిచినవారి చేతే నింపిస్తారు. మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ కూడా అధ్యయనంలో మిగిలినవారిదే దొరుకుతుంది. యాప్‌ను మధ్యలో వదిలేసినవారి ఇళ్లకు పరిశోధకులు వెళ్లాలి. ఏ తెర దగ్గర ఆగిపోయారో, ఆ రోజు మీటరులో ఎంత చూపించిందో, పక్కన ఎవరున్నారో అడిగి రాసుకోవాలి. తర్వాతి నమూనా గీయడం ఆ రాతల నుంచే మొదలవ్వాలి.