ఒకే ఇంట్లో రెండు మచ్చలు

ఆలంపూర్ మ్యూజియంలో ఒక శిల్పం ఉంది. తల ఉండాల్సిన చోట పద్మం, కాళ్లు రెండూ ఎడంగా మడిచి కాన్పుకు సిద్ధమైన భంగిమ. లజ్జాగౌరి అంటారు. ఆ పేరు పెట్టినవాళ్లకు ఆ మూర్తిలో లజ్జ ఎక్కడ కనిపించిందో నాకు ఇప్పటికీ తెలియదు. కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ 1956లో రాసిన వ్యాసంలో ఇటువంటి మూర్తుల్ని వేదకాలపు అదితితో జోడించి చదివింది. నడిగడ్డ ఆడవాళ్లకు ఆ చర్చతో పనిలేదు. పిల్లలు కానివాళ్లు ఆ రాతికి నూనె రాసి, పసుపూ కుంకుమా పెట్టి మొక్కేవాళ్లు. మా ఇటిక్యాల నుంచి పెద్దమ్మ కూడా వెళ్లి మొక్కింది, ఒకసారి కాదు.

ఆమె ట్రంకు పెట్టెలో పట్టుచీర కింద ఒక ఎక్స్‌రే ఉంది. 1979లో కర్నూలులో తీయించినది. గర్భసంచి ముఖద్వారం గుండా రంగుద్రవం ఎక్కించి తీసే ఫోటో అది. ట్యూబులు బాగుంటే ఆ ద్రవం వాటిలో పారి, చివర కడుపులోకి చిమ్ముతుంది. పెద్దమ్మ ఫోటోలో చిన్న తెల్లటి త్రికోణం, దానికి అటూ ఇటూ రెండు దారపు ముక్కలు, అంతే. దారి అక్కడితో ఆగిపోయింది. పెళ్లైన కొత్తల్లో గుంపు మేస్త్రి వెంట పోయి కాలువ పనుల్లో గుడిసెల్లో ఉన్నప్పుడు ఆమెకు నెలలపాటు దగ్గూ జ్వరమూ ఉండేవట. ఆ దగ్గుకూ ఈ దారికీ సంబంధం ఉండొచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"నాకేం చెప్పలే బిడ్డా. మీ పెదనాయినను పక్కకు పిలిచి చెప్పిండు. బయటికొచ్చినాక ఆయన నా మొకం చూడలే. అప్పుడే అర్థమైంది."

ఏడాది తిరక్కుండా ఆయన రెండో పెళ్లి చేసుకున్నాడు. మేం ఆమెను చిన్న పెద్దమ్మ అని పిలిచేవాళ్లం. ఆ పిలుపులోని వింత అప్పట్లో మాకు తోచలేదు.

సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి నా ధ్యాస ముందు మాట మీదికే పోతుంది. గొడ్రాలు. గొడ్డు అంటే పశువు, గొడ్డు అంటే ఈనని పశువు కూడా. గొడ్డుచాకిరీ చేసేదీ ఆమే, గొడ్రాలూ ఆమే. మగవాడికి దీటైన తిట్టు నిఘంటువులో వెతికితే దొరుకుతుందేమో గానీ, ఊళ్లో ఎవరి నోటా నేను వినలేదు. వీర్యపరీక్ష ఆడవాళ్ల పరీక్షలన్నిటికంటే తేలికైనది, చవకైనది, నొప్పి లేనిది. అయినా ఇంటింటా చివరికి మిగిలేది అదే. మా పెదనాయినకు ఆ పరీక్ష జరగలేదు. ఆయనకు తర్వాత ముగ్గురు పిల్లలు పుట్టారు కాబట్టి ఆ ప్రశ్న అక్కడితో ముగిసింది. ఆ ముగింపు నాకు ఇష్టంగా లేకపోయినా నిజం నిజమే.

లోపలి మచ్చకు వైద్యంలో కథ చాలా ఉంది. క్షయ క్రిమి ఊపిరితిత్తుల నుంచి రక్తంలో ప్రయాణించి ట్యూబుల్లో స్థిరపడుతుంది. ఊపిరితిత్తులు మానిపోయిన ఏళ్ల తర్వాత కూడా అక్కడ నిశ్శబ్దంగా పనిచేస్తుంది. చాలామందిలో పిల్లలు కాకపోవడం తప్ప వేరే లక్షణమే ఉండదు. మందులతో క్రిమి చస్తుంది గానీ మచ్చ మిగిలిపోతుంది. ముట్టుపొరకు కూడా సోకితే గర్భసంచి గోడలే ఒకదానికొకటి అతుక్కుంటాయి. కాన్పు తర్వాతో గర్భస్రావం తర్వాతో గర్భసంచిని గీకి శుభ్రం చేసినప్పుడు కూడా ఇలా అతుక్కోవచ్చు. జర్మనీలో ఫ్రిట్ష్ 1894లోనే ఇటువంటి కేసు రాశాడు. 1948లో జోసెఫ్ ఆషర్‌మన్ 29 మంది స్త్రీలను పరిశీలించి రాశాక అది ఆయన పేరు మీద స్థిరపడింది. ఆ 29 మంది పేర్లు ఏ జబ్బుకూ పెట్టలేదు.

పెద్దమ్మ ఎక్స్‌రేకు ముందు ఏడాది, 1978 జులైలో, ఇంగ్లండులో లూయీస్ బ్రౌన్ పుట్టింది. ఆమె తల్లి లెస్లీకి ఉన్నదీ మూసుకుపోయిన ట్యూబులే. పరీక్షనాళిక శిశువు అన్న పద్ధతి మొదట ఈ మచ్చను దాటవేయడానికే వచ్చింది. కానీ అది ట్యూబును దాటగలదు గానీ, గర్భసంచి పొరే మచ్చ కట్టిపోతే పిండం నిలిచే చోటుండదు. ఈ తేడా చెప్పకుండా అప్పు చేయించే వైద్యం ఇవాళ మన పట్టణాల్లో తక్కువేం కాదు.

ఇంతవరకూ మచ్చ దురదృష్టం. ఇక అదే మచ్చను కావాలని పెట్టిన చరిత్ర ఉంది.

క్వినాక్రిన్ మలేరియా మందు. రెండో ప్రపంచయుద్ధంలో సైనికులు మింగిన పసుపుపచ్చ బిళ్ల. దాన్ని గర్భసంచిలో పెడితే మంట పుట్టి, ట్యూబుల మొదళ్లు మచ్చ కట్టి మూసుకుపోతాయని చిలీలో హైమే సిప్పర్ కనిపెట్టాడు. ఏడు చిన్న గుళికలు, మొత్తం 252 మిల్లీగ్రాములు, లూప్ వేసే గొట్టంతో లోపలికి తోయడం, నెల తర్వాత మళ్లీ ఒకసారి. కోత లేదు, మత్తు లేదు, శస్త్రవైద్యుడు అక్కర్లేదు. అమెరికన్లు ఎల్టన్ కెసెల్, స్టీఫెన్ మమ్‌ఫర్డ్ దీన్ని పేద దేశాలకు పంచారు. వియత్నాంలో 31,781 మందికి వేసిన లెక్క 1993లో లాన్సెట్‌లో అచ్చయింది. విషపరీక్షలు పూర్తికాకుండా మనుషుల మీద వాడొద్దని 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఇండియాలో ఐసీఎంఆర్ తన ప్రయోగాన్ని ఆపేసినా ప్రైవేటు డాక్టర్లు వేస్తూనే పోయారు. జెఎన్‌యూ అధ్యాపకులు, ఐద్వా సుప్రీంకోర్టుకు వెళ్లాక 1998లో నిషేధం వచ్చింది.

మన దగ్గర దీనికి పూర్వరంగం ఉంది. 1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ సూదిమందు ప్రయోగం జరుగుతుంటే, అది ప్రయోగమని తెలియకుండానే వచ్చి కూర్చున్న ఆడవాళ్లతో స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు మాట్లాడారు. మరుసటి ఏడు సహేలీ, చింగారీలతో కలిసి సుప్రీంకోర్టుకెక్కారు. 1991లో వచ్చిన 'సవాలక్ష సందేహాలు' ఆ అనుభవాల నేపథ్యంలోనిదే. ఆ పుస్తకం పెద్దమ్మకు పదేళ్లు ముందు దొరికుంటే అని అనుకుంటాను గానీ, ఆమెకు చదువు రాదు.

ఇక మా ఇంటికి వస్తాను. మూడో కాన్పు తర్వాత, 1980ల చివర, చిన్న పెద్దమ్మను డీపీఎల్ క్యాంపుకు తీసుకుపోయారు. ట్యూబును మెలికగా లాగి చిన్న రింగు బిగిస్తారు. రక్తం అందక ఆ మెలిక చచ్చి మచ్చగా మిగులుతుంది. ప్రోత్సాహకం డబ్బిచ్చారు, కాగితమిచ్చారు. ఒకే కప్పు కింద ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరికీ మూసుకున్న ట్యూబులు. ఒకామె శుభకార్యానికి ఎదురు రాకూడదు. రెండో ఆమె దేశానికి మేలు చేసింది.

రాష్ట్రం 1997లో సొంత జనాభా విధానం ప్రకటించుకుంది. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో నూటికి అరవై మందికి పైగా ఆపరేషన్ అయిపోయింది. మగవాళ్లలో మూడు కూడా లేదు. ఇరవై మూడేళ్లకే ట్యూబులు బిగించుకుని, తర్వాత బిడ్డను పోగొట్టుకున్న తల్లులు ఉన్నారు. తెగిన కొసల్ని మళ్లీ కలిపే ఆపరేషన్ ఉందిగానీ, ఎంత ట్యూబు మిగిలింది, ఎంత మచ్చ కట్టింది అన్నదాన్ని బట్టే ఫలితం. క్యాంపులు మూడేళ్లలో మానేయమని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజే 34 మందికి డీపీఎల్ చేశారు. నలుగురు చనిపోయారు. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్లు స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో తీసేసింది. ఇప్పుడు ఎక్కువమందిని కనమంటున్న ముఖ్యమంత్రే 1997లోనూ ముఖ్యమంత్రి.

పోయినేడు ఊరికి వెళ్లినప్పుడు పెద్దమ్మ తనే ఆ ఎక్స్‌రే తీసి ఇచ్చింది. అంచులు వంకర తిరిగాయి. కిటికీ వెలుతురుకు పట్టి, ఇది గర్భసంచి, ఇవి ట్యూబులు, ఇక్కడ ఆగింది అని నలభై ఏళ్లు దాటాక మొదటిసారి ఆమెకు చెప్పాను. క్షయ వల్ల ఇలా అయి ఉండొచ్చు అన్నాను. "అయితే దేవుడు కాదన్నమాట" అంది. చిన్న పెద్దమ్మ బియ్యం చాట పక్కన పెట్టి వచ్చి, చాలాసేపు ఆ ఫోటో వైపే చూసింది.

"నాది గూడ ఇట్లనే ఉంటదా?"

ఉంటది అన్నాను.