సర్వాయి పాపన్న: చరిత్రలో, ఆటపాటల్లో

సర్వాయి పాపన్న (మరణం 1710) మొఘలుల మీద తిరగబడిన కల్లుగీత కులస్తుడు. అతని కోట షాపూర్ (ఇప్పటి ఖిలాషాపూర్) జనగామ దగ్గర ఉంది. అతను దాడి చేసిన భువనగిరి దుర్గం 2016 దాకా నల్లగొండ జిల్లాలోదే. బుర్రకథ, శారద కథ చెప్పేవాళ్ల నోట అతను పేదల పక్షాన నిలిచిన సర్దారు. మొఘల్ చరిత్రకారుడు ఖాఫీఖాన్ కలానికి మాత్రం వట్టి బందిపోటు.

కథ మొదలయ్యే చోటే తేడా ఉంది. ఖాఫీఖాన్ ప్రకారం, పాపన్న కలిగిన ఇంటి వితంతువైన సొంత అక్కను హింసించి నగలు దోచుకుని, ఆ సొమ్ముతోనే మనుషుల్ని కూడగట్టాడు. 1874లో జె.ఎ. బాయిల్ ప్రచురించిన జానపద గాథలో ముందుకొచ్చేది తల్లి. కల్లు అమ్ముకుని బతకడం తనవల్ల కాదని, గోల్కొండ మీదికే పోతానని కొడుకు ఆమెతో వాదిస్తాడు. ప్రేక్షకుడికి దోపిడీ లెక్కలకన్నా తల్లీకొడుకుల ఈ ఘర్షణే పడుతుంది. ప్రదర్శనకు ప్రాణం అక్కడే ఉంది.

1708లో మొహర్రం సందట్లో పాపన్న వరంగల్‌ను కొల్లగొట్టాడు. చెరపట్టినవాళ్లలో నగర ఖాజీ భార్య, కూతురు కూడా ఉన్నారు. వీరుణ్ణి నిలబెట్టే కథకుడికి ఇది మింగుడుపడని ఘట్టం.

జనం చెప్పుకునే కథల్లో పాపన్న గోల్కొండ గద్దెనెక్కుతాడు. అది జరగలేదు. జరిగింది కూడా తక్కువదేమీ కాదు: 1709లో హైదరాబాద్ వచ్చిన మొఘల్ చక్రవర్తి బహదూర్ షాకు 14 లక్షల రూపాయల కానుక చెల్లించి, అతని చేతి ఖిలత్తు (గౌరవ వస్త్రం) అందుకున్నాడు. కల్లుగీత ఇంట పుట్టినవాడికి దర్బారులో దక్కిన ఆ మర్యాదే జనం నోట సింహాసనమై ఉండవచ్చు.

అలాగని ఖాఫీఖాన్ పారశీక గ్రంథాన్నే నిజమని నమ్మనక్కర్లేదు. ఖాఫీఖాన్ పాలకుల పక్షం మనిషి; కింది కులంవాడు కోట కట్టడాన్ని అతను సహించలేడు. అలాగని ఒక పక్షం చెప్పిందంతా కొట్టిపారేయనూ లేం: షేక్‌స్పియర్ తన నాటకంలో ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్‌ను గూనివాడిగా, చేయి చచ్చుబడ్డవాడిగా చూపించాడు. 2012లో లెస్టర్‌లో దొరికిన ఆ రాజు అస్థిపంజరంలో వెన్ను వంకర కనిపించింది గానీ, చేతికి ఏ లోపమూ లేదు. నాటకం చెప్పిందంతా అబద్ధమూ కాదు, నిజమూ కాదు. చరిత్రకారుడు రిచర్డ్ ఈటన్ 2005 నాటి దక్కన్ సామాజిక చరిత్రలో జానపద గాథను, ఖాఫీఖాన్ రాతను పక్కపక్కన పెట్టి చదివింది ఇందుకే.

ముగింపు దగ్గర రెండు దారులూ పూర్తిగా విడిపోతాయి. కొన్ని జానపద కథనాల్లో పాపన్న శత్రువు చేతికి చిక్కకుండా తన ప్రాణం తనే తీసుకుంటాడు. ఖాఫీఖాన్ రాసింది వేరు: కాలికి గాయమై హసనాబాద్ చేరిన అతణ్ణి గుర్తుపట్టినవాడు ఒక కల్లు అమ్మేవాడే. అతణ్ణి చంపాక తల చక్రవర్తి దర్బారుకు వెళ్లింది, మొండెం హైదరాబాద్ దర్వాజాకు వేలాడింది.