మహేంద్రగిరి – బారువ: ఒక కొండ, ఒక ఏరు, ఒక తీరం

ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉన్న మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. ఈ కొండల్లో పుట్టిన మహేంద్రతనయ శ్రీకాకుళం జిల్లా బారువ వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు, బారువ ఇటు అయ్యాయి. ఏరు మాత్రం రెండు వైపులనూ ఇప్పటికీ కలుపుతూనే ఉంది.

కొండపైన కుంతి, యుధిష్ఠిర, భీమ ఆలయాలున్నాయి. పరశురాముడు ఇక్కడే తపస్సు చేస్తున్నాడని నమ్మకం. శివరాత్రికి భక్తులు పెద్దసంఖ్యలో వస్తారు. నడకకు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. వానల్లో రాళ్లు జారతాయి, మబ్బు కమ్మితే దారి కనపడదు. ఉరిమితే శిఖరం మీద నిలబడకుండా కిందికి దిగిపోవాలి.

బారువ తీరం అందమైనదే గానీ, ఏరు సముద్రంలో కలిసే చోట స్నానానికి దిగకూడదు. ఆటుపోట్లకు, ఏటి వడికి అక్కడ ఇసుక తిన్నెలు కదులుతుంటాయి. నిన్న మోకాలి లోతున్న చోట నేడు నిలువు లోతు ఉండవచ్చు. నీరు లోపలికి లాగితే ఎదురీదవద్దు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రావాలి. ఈత రానివారు చెయ్యెత్తి కేక వెయ్యాలి.

పిల్లలతో వెళ్లే మన కుటుంబాలకు మేం చెప్పేది ఒక్కటే. నీళ్లలో దిగేముందు తీరంలోని మత్స్యకారులను అడగండి. వారు వద్దంటే ఆగండి. ఆ కెరటాల తీరు వారికి తెలిసినంతగా మనకు తెలియదు.